సంగయ్యకు వచ్చిన తామ్రపత్రం

కరపత్రాలు తెస్తూ నిజాం పోలీసులకు పట్టుబడిన రోజున రేవణసిద్ధప్ప తన పేరు చెప్పలేదు. చెబితే ఝరాసంగంలో ఉన్న తండ్రిని కూడా ఈడ్చుకుపోతారు. ఏడాది కిందట షోలాపూరు మిల్లులో పనికని పోయి మళ్లీ కనిపించని దోస్తు సంగయ్య పేరు నోటికొచ్చింది. ఆ పేరుతోనే తొమ్మిది నెలలు జైల్లో ఉన్నాడు.

డెబ్బై రెండులో, స్వాతంత్ర్యానికి పాతికేళ్లు నిండాయని సమరయోధులకు తామ్రపత్రాలు ఇస్తున్నారని తెలిసి, జహీరాబాదులోని తన కిరాణా దుకాణం మూసేసి ఆఫీసుకు పోయాడు. గుమాస్తా రికార్డు తిరగేశాడు.

"నీ పేరు లేదు. సంగయ్య అని ఉంది."

"గా సంగయ్యను నేనే సార్."

"అసలు సంగయ్య అనేటోడు ఉన్నడా?"

"మా ఊరోడే. షోలాపూరు పోయిండు, ఆడికెల్లి ఏమైండో ఎవలకు ఎరుక లేదు. తల్లి ఉంది."

అడిగినదానికి అడిగినట్టు చెప్పి వచ్చాడు. విచారణకు వచ్చినవాళ్లు నేరుగా ఆ తల్లి బసమ్మ ఇంటికే పోయారు.

పంద్రాగస్టు నాడు ఝరాసంగం బడి మైదానంలో బసమ్మ పేరు పిలిచారు. గుంపులో ఉన్న రేవణసిద్ధప్ప రెండడుగులు ముందుకు వేశాడు. వేదిక మీద ముసలామె రాగిరేకును గుండెకు అదుముకుని ఏడుస్తోంది. అతని కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

మర్నాడు ఆమె బస్సెక్కి దుకాణానికి వచ్చింది.

"సిద్ధప్పా, నువ్వు గూడ జైల్ల ఉంటివట గద. మా సంగడు కలిసిండా?"

లోపల్నుంచి భార్య శరణమ్మ అతని వంక చూసింది. సంగతంతా ఆమెకు తెలుసు.

"కలిసిండు పెద్దమ్మా."

"తిండి పెట్టిన్రా?"

"జొన్న గటక పోసేటోళ్లు. అండ్ల రాళ్లుండేటివి."

"కొట్టిన్రా?"

వంకరగా అతుక్కున్న తన ఎడమచేతిని అతను గల్లాపెట్టె వెనక్కి లాక్కున్నాడు. "జర కొట్టిన్రు."

అడిగిందల్లా చెప్పాడు. చెప్పేకొద్దీ ఆ తొమ్మిది నెలలు తనవి కాకుండా పోతున్నట్టు ఉంది.

"ఇన్నేండ్లు నా కొడుకు దొంగతనం జేసి పారిపోయిండన్నరు," అంది బసమ్మ. "నిన్న సర్పంచే దండం పెట్టిండు." మళ్లీ అడిగింది. "మరి జైల్లకెల్లి ఇడిసినంక ఇంటికెందుకు రాలే బిడ్డా?"

తనను జైలు నుంచి విడిచినప్పుడు రేవణసిద్ధప్ప రాత్రీపగలూ నడిచి ఇల్లు చేరాడు. అతని తల్లి వాకిట్లోనే కూర్చోబెట్టి తలమీద నీళ్లు పోసింది.

"నాకు ఎరుక లేదు పెద్దమ్మా," అన్నాడు.

ఆమె వెళ్లిపోయాక శరణమ్మ దగ్గరికి వచ్చింది. "ఇప్పటికన్న నిజం చెప్పరాదా?"

"చెప్తే ఆమె కొడుకు మల్ల దొంగైతడు."

ఆ తర్వాత ప్రతి అంగడి రోజునా బసమ్మ వచ్చి అదే మాట అడిగేది. ఆమె కోసం అతను సంగయ్య జాడ అడుగుతూ షోలాపూరు మిల్లులకు ఉత్తరాలు రాశాడు. ఎనభైలో ఆమె చనిపోయేదాకా రాస్తూనే ఉన్నాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు.