కదలని ముల్లు

అన్యాయం జరిగింది ఎవరికి? ఒక చెల్లెలికి. చేసింది ఎవరు? తోడబుట్టిన అన్న. ఎలా? తమ షెడ్డులో బాగుచేసిన టాక్సీ ఇంజను పిస్టన్లు కరిగి ఆగిపోతే, "ఇదంతా మా చెల్లెలి చేతి చలవే!" అని పదిమంది ఎదుట చాటాడు. ఆమెను కన్నెత్తి చూడనివ్వకుండానే ఆ ఇంజనును తుక్కుకు వేశాడు. ఇంజన్లంటే ప్రాణం పెట్టే మనిషిని ఆ తరువాత ఏ షెడ్డూ గడప తొక్కనివ్వలేదు. రోడ్డు మలుపులో పంక్చర్లు వేసుకుని బతికింది.

ఏళ్లు గడిచాక అదే టాక్సీ యజమాని, అలాంటిదే మరో టర్బో కారుతో ఆమె కొట్టు ముందు ఆగాడు.

"ఎత్తు ఎక్కేటప్పుడు బండి చతికిలబడుతోందమ్మా. మీ అన్న పెట్రోలు పంపు మార్చాడు, ఫిల్టరు మార్చాడు. పోయినసారి పాపం నీదన్నాడు. ఈసారి నువ్వు లేవుగా?"

"చూస్తాను. ఇక్కడ కాదు, మా అన్న షెడ్డులోనే. అందరూ ఉండగా."

షెడ్డులో వదిన ఎదురైంది. "వచ్చావా తల్లీ! ఈ కారును కూడా ముంచిపోదామనా?"

"మునిగిందాన్ని తేల్చుదామని, వదినా."

అన్న నవ్వి, పెట్రోలు ఒత్తిడి చూపే గేజీని తగిలించి ఇంజను స్టార్టు చేశాడు. "చూసుకో. ముల్లు గుంజలా నిలబడింది. ఒత్తిడికేం లోటు?"

"నిలబడిన కారులో నిలబడక ఏం చేస్తుంది? పద, ఎత్తెక్కుదాం."

గేజీని ముందు అద్దానికి బయటవైపు టేపుతో అంటించింది. యజమాని నడిపాడు. ఎత్తులో టర్బో ఈల వేసింది. కారు మాత్రం వగర్చింది. ముల్లు ఉన్నచోటే ఉంది.

"చూశావా, చెక్కు చెదరలేదు!"

"అదే జబ్బు, అన్నయ్యా. టర్బో గాలిని తోసినకొద్దీ పెట్రోలు ఒత్తిడీ పెరగాలి. పెరగకపోతే పెట్రోలు చాలక వేడి మితిమీరి పిస్టన్లు కరుగుతాయి. గాలి ఎంత పెరిగిందో, పెట్రోలు ఒత్తిడిని సర్దే రెగ్యులేటరుకు చేరవేసే సన్నగొట్టం ఏమైంది?"

అన్న యజమానిని బండి వెనక్కి తిప్పమన్నాడు.

షెడ్డుకు తిరిగొచ్చి ఆమె బానెట్టు ఎత్తింది. సన్నగొట్టం ఊడదీసి ఉంది. దాని మూతికి స్క్రూ బిగించి ఉంది. అది వారి తండ్రి పద్ధతి. టర్బోలు లేని రోజుల్లో ఆ గొట్టం చిల్లుపడి సతాయిస్తుందని, ఏ బండి వచ్చినా ఆయన ముందే మూసేసేవాడు.

"ఆనాడు నేను గొట్టం తగిలించే ఇచ్చాను. నా వెనక నువ్వు మూశావా?"

"నాన్న చేసేవాడని..."

"నాన్నను లాగకు. మూశావా?"

"మూశాను. ఇంజను పోయాక అర్థమైంది. అందుకే తుక్కుకేశాను. మూయడం మానేస్తే ఆనాటి తప్పు బయటపడుతుందని దీన్నీ మూశాను."

"పోనీలే, ఇంటి గుట్టు..." వదిన అడ్డుపడింది.

"నన్ను రచ్చకీడ్చిననాడు గుర్తు రాలేదా వదినా, గుట్టు?"

ఆమె గొట్టాన్ని తగిలించి క్లిప్పు బిగించింది. యజమాని మళ్లీ ఎత్తెక్కి వచ్చాడు. "ముల్లు లేచిందమ్మా! బండీ లేచింది!"

ఆమె అన్న వైపు తిరిగింది. "ఆనాడు నిలబడ్డచోటే నిలబడి చెప్పు."

"తప్పు నాదే," అని గొణిగాడు.

"ఆనాటి మాట వీధి చివరిదాకా వినపడింది."

పనివాళ్లు స్పానర్లు దించారు. అన్న గొంతు పెంచాడు. "ఆ ఇంజను నా వల్లే కరిగింది! మా చెల్లెలి పనిలో తప్పు లేదు. తెలిసే ఆమె మీద వేశాను!" పక్క కొట్లవాళ్లు బయటికి వచ్చి చూశారు.

"ఇక షెడ్డుకొచ్చేయ్," అంది వదిన మెల్లగా.

"బాకీ తీరింది, వదినా. కొత్త ఖాతా తెరవను."

గేజీని అన్న చేతిలో పెట్టి, ఆమె వీధిలోకి నడిచింది.