తలుపు బయట కుర్చీ

ఆగస్టు చివరి వారం, పొద్దున్న తొమ్మిదికల్లా మిలోయ్కా కూతుర్ని తీసుకుని కొండ దిగి బడికి వచ్చింది. ఒక చేతిలో తింకారా చెయ్యి, రెండో చంకలో లేసు అల్లే దిండు, భుజాన వేలాడే సంచిలో విద్యా మంత్రిత్వశాఖ నుంచి వచ్చిన కాగితం. ఆ ఒక్క కాగితం కోసం ఆమె వేసవంతా రాజధాని ల్యుబ్‌ల్యానాలోని గుమాస్తాలకి మూడు చెరువుల నీళ్ళు తాగించింది. పరీక్ష జరిగే గదిలో తల్లి కూర్చోవచ్చు, మాట్లాడకూడదు, అని అందులో ఉంది. మొదటి సగం ఆమెకి కంఠతా వచ్చు. రెండో సగం అంత శ్రద్ధగా చదివినట్టు లేదు.

తింకారాకి తొమ్మిదేళ్ళు. నత్తి. రెండో తరగతిలో టీచరు జాలిగుండె మనిషి. పాపం, నలుగురిలో ఆ పిల్లని ఎందుకు ఇబ్బంది పెట్టాలి అనుకుని, ఏడాది పొడుగునా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అలాంటి జాలి పగవాళ్ళకి కూడా వద్దు. ఏడాది చివర మాత్రం 'తరగతిలో పాల్గొనదు' అని రాసి పంపింది. అది చదివిన రోజే మిలోయ్కా కూతుర్ని బడి మాన్పించి, ఇంట్లో నేనే చదువు చెప్పుకుంటానని రాసిచ్చేసింది.

అలా రాసిచ్చే హక్కు కన్నవాళ్ళకి ఉంది, కాదనేవాళ్ళు లేరు. కాకపోతే ప్రతి జూన్‌లో పిల్లని బడికి తెచ్చి పరీక్ష ఇప్పించాలి. జూన్‌లో తప్పితే ఆగస్టులో మళ్ళీ. ఆగస్టులో కూడా తప్పితే సెప్టెంబరు ఒకటిన సంచీ తగిలించుకుని మళ్ళీ ఆ తరగతిలోకే, తన నత్తిని అచ్చుగుద్దినట్టు పలికి చూపించే ఆ పిల్లల మధ్యకే వెళ్ళాలి. జూన్‌లో తింకారా లెక్కలన్నీ రాసేసింది. నోటితో చెప్పే పరీక్షలో మాత్రం నోరు విప్పలేదు. మీరు బెదరగొట్టారు, నేను పక్కనుంటే చెప్పేది అని మిలోయ్కా పోట్లాడింది. ఆ పోట్లాటకి ఫలితమే సంచిలోని కాగితం.

హెడ్మిస్ట్రెస్ దారింకా గుమ్మంలోనే ఎదురైంది. మిలోయ్కాకి కూడా చిన్నప్పుడు ఆమే చదువు చెప్పింది. అందుకే కాగితం వంక చూడకుండా దిండు వంక చూసింది.

"అది తెచ్చుకుని మంచిపని చేశావే. చేతులు ఊరికే ఉంటే నీ నోరు ఊరుకోదు. వెనక బెంచీలో కూర్చుని అల్లుకో. నువ్వు జవాబు చెబితే ఆ ప్రశ్న పోయినట్టే, ముందే చెబుతున్నా."

"నాకు తెలుసులెండి టీచర్," అంది మిలోయ్కా.

ప్రశ్నలు ఐదు. మూడింటికి సరైన జవాబు చెబితే చాలు. బల్లకి ఆ పక్క దారింకా, ఆమె పక్కన వోయ్కో అనే కుర్ర టీచరు, ఈ పక్క కాళ్ళు నేలకి అందని తింకారా. వెనక మిలోయ్కా ఒళ్ళో దిండు పెట్టుకుంది. లేసు దారాలు చుట్టిన చెక్క కండెలు టకటకమని ఒకదాన్నొకటి దాటుతున్నాయి. ఈ కొండల్లో పిల్లలంతా ఆ చప్పుడు వింటూనే పెరుగుతారు కాబట్టి ఎవరికీ అది అడ్డమనిపించలేదు.

తింకారా ఒక కథ చదివింది, మనసులోనే. సంతకి బయలుదేరిన ముసలాయన సగం దారిలోంచి వెనక్కి ఎందుకు వచ్చాడని వోయ్కో అడిగాడు.

"గొ," అంది తింకారా. "గొ... గొ..."

మెడ నరాలు బిగుసుకున్నాయి. కళ్ళు పైకి పోయాయి. కండెల చప్పుడు ఆగిపోయింది.

"గొడుగు మర్చిపోయాడు," అంది మిలోయ్కా.

వోయ్కో కాగితం మీద ఒక గీత గీశాడు. మిలోయ్కా మొహం కందిపోయింది. పొరపాటున నోరు జారిందని, ఇంకెప్పుడూ జరగదని చెప్పి, పెదవులు లోపలికి మడిచి పళ్ళతో నొక్కిపట్టింది.

రెండో ప్రశ్న ఇంకా తేలిక. మన లోయలో పారే ఏరు పేరేమిటి అని అడిగాడు. రోజూ కిటికీలోంచి చూసే ఏరు. తింకారా నోరు తెరిచింది. గాలి వచ్చింది గాని మాట రాలేదు. గోడ గడియారం ముల్లు నడుస్తోంది. ఆ పిల్ల భుజాలు చెవులదాకా లేచాయి.

"ఇద్రీత్సా," అన్నారెవరో.

ఎవరా అని మిలోయ్కా కూడా తలెత్తి చూసింది. ముగ్గురూ తనవైపే చూస్తున్నారు. అప్పుడు తెలిసింది ఆమెకి, ఆ అన్నది తనేనని.

పిల్ల నాలుగో ఏటి నుంచీ ఇంతే కదా. కొట్లో, డాక్టరు దగ్గర, చర్చి మెట్ల మీద ఎవరేమడిగినా తింకారా మొదటి అక్షరం అందుకునేది, మిగతాది తల్లి పూర్తిచేసేది. ఇంట్లో పాఠాలూ అలాగే సాగాయి. బడిలో గంట పట్టే పాఠం మా ఇంట్లో పావుగంటలో అయిపోతుందని మిలోయ్కా వదినలందరికీ గొప్పగా చెప్పుకుంది. ఎందుకంత తొందరగా అయిపోతోందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఇక మిగిలినవి మూడు. మూడూ చెప్పితీరాలి. ఒక్కటి పోయినా సెప్టెంబరు ఒకటిన బడికే.

దారింకా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తల్లిని అడగలేదు, కాగితాన్నీ అడగలేదు. పిల్లనే అడిగింది. "తింకారా, మీ అమ్మ లోపలుంటే బాగుంటుందా, బయటుంటే బాగుంటుందా? నిదానంగానే చెప్పు. మాకు మధ్యాహ్నందాకా వేరే పని లేదు."

నా కూతురు నన్ను పొమ్మంటుందా అనుకుంది మిలోయ్కా. తింకారా వెనక్కి తిరగలేదు. చాలాసేపు పట్టింది. ఆ సేపట్లో మిలోయ్కా 'లోపలే' అన్న మాటని మనసులో ఇరవైసార్లు అనుకుని ఉంటుంది.

"బ... బ... బయట," అంది తింకారా.

వోయ్కో లేచి తలుపు బయట కుర్చీ వేశాడు.

చట్టం ఇచ్చిన హక్కు సంచిలో ఉంది, మనిషి వరండాలో ఉంది. ఎదురుగా కోట్లు తగిలించే కొక్కేలు, ఒక్కోదాని పైన ఒక్కో జంతువు బొమ్మ. ముళ్ళపంది బొమ్మ ఉన్నది తింకారాది. ఇప్పుడు దాని కింద ఇంకెవరి పేరో రాసి ఉంది. మిలోయ్కా కండెలు చేతిలోకి తీసుకుంది. లోపల్నించి ఒక్క చప్పుడు లేదు. తలుపుకి చెవి ఆనించింది. వోయ్కో ఏదో అడిగాడు. ఆ తర్వాత ఏమీ లేదు. తన గొంతులో మాట కదులుతోంది, ప్రశ్నేమిటో తెలియకపోయినా సరే. అరచేత్తో నోరు మూసుకుంది.

చర్చి గంట పావు కొట్టింది. అర కొట్టింది. ముప్పావు కొట్టింది. పది కూడా కొట్టింది. చూసుకుంటే లేసులో నాలుగు వేళ్ళ మేర తప్పు దారాలు దాటించేసింది. అదంతా విప్పాల్సిందే. లోపల ఏడుస్తోందేమో, ఏడ్చినా నన్ను పిలవదేమో అనుకుంది. దాన్ని బడి నుంచి కాపాడుకున్నాననుకుంది ఇన్నాళ్ళూ. దాని నోట్లోంచి మాట లాక్కున్నది ఆ రెండో తరగతి టీచరొక్కతే కాదన్న సంగతి ఈ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది.

తలుపు తెరుచుకుని వోయ్కో బయటికి వచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"మూడూ చెప్పిందండీ. ఆఖరి దానికి పదకొండు నిమిషాలు పట్టింది."

"పదకొండు నిమిషాలా? మరి మీరేం చేశారు?"

"కూర్చున్నామండీ," అన్నాడు.

సంతోషం వచ్చింది, దాని వెనకే అసూయ కూడా వచ్చింది. తొమ్మిదేళ్ళు పెంచిన తను ఒక్కసారైనా పదకొండు నిమిషాలు అలా కూర్చుందా? లేదు. ఆ మాట తనకి తనే చెప్పుకోవడానికి సిగ్గేసింది.

లోపల తింకారా నీళ్ళు తాగుతోంది. జుట్టంతా చెమటకి తడిసిపోయి, కొండెక్కి దిగినంత అలిసిపోయి ఉంది. మొహంలో మాత్రం మిలోయ్కా ఎరగని వెలుగేదో ఉంది. దారింకా ఒక కాగితం బల్ల మీద ముందుకి జరిపింది. వచ్చే ఏడాది ఇంటి చదువా, బడి చదువా అని రెండు గడులున్నాయి. కింద కన్నవాళ్ళ సంతకం.

"పరీక్ష అయ్యింది కాబట్టి ఇక నీ ఇష్టమేనే మిలోయ్కా. నా పెత్తనం ఇక్కడితో సరి," అంది దారింకా.

మిలోయ్కా కలం తీసుకుంది. పొద్దున్న కొండ దిగేటప్పుడు ఏ గడి అన్న అనుమానమే లేదు. ఇప్పుడు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. గ్లాసు పెట్టేసి తింకారా ఆమె చొక్కా అంచు పట్టుకుంది.

"నే," అంది. "నే... నే..."

దారింకాకి కూడా అలసట వచ్చినట్టుంది. గంటసేపు పట్టిన ఓపిక చివర్లో సడలింది. "నేను ఇంట్లోనే ఉంటానంటావు, అంతేనా తల్లీ?" అంది ఆప్యాయంగా.

"ఆగండి టీచర్," అంది మిలోయ్కా. "దాని మాట అది చెప్పుకుంటుంది."

కలం కింద పెట్టేసి, పిల్ల ఎత్తుకి వచ్చేలా నేల మీద మోకాళ్ళేసి కూర్చుంది. బడి అంటుందని గుండె చెబుతోంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. తింకారా మెడ నరం బిగిసింది, వదిలింది, మళ్ళీ బిగిసింది. ఎవరూ కదల్లేదు. బయట చర్చి గంట పదిన్నర కొట్టడం మొదలుపెట్టి, ముగించింది కూడా.

"నే... నేను ఇ... ఇంట్లోనే చదువుకుంటా," అంది తింకారా. ఊపిరి తీసుకుంది. ఇంకా అయిపోలేదన్నట్టు తల్లి నోటి మీద వేలు పెట్టింది. "కా... కానీ అక్కడ కూడా, నువ్వు త... తలుపు బయట కూర్చో."

మిలోయ్కా సరేనని తలూపింది, వేలు ఇంకా నోటి మీదే ఉంది కాబట్టి.