నల్లమల దాటిన కారు

మా ఆయన కారుకు బొగ్గు జల్లించడం నా పనే. యుద్ధం వచ్చి పెట్రోలుకు కరువొచ్చాక ఆ హప్‌మొబైల్ కారు వెనక ఒక ఇనప పీపా బిగించారు. అందులో బొగ్గు రాజేస్తే వచ్చే గ్యాసుతో కారు నడుస్తుంది. బొగ్గులో దుమ్ము ఉంటే ఇంజను పాడవుతుందట. అందుకని పొద్దున్నే పెరట్లో కూర్చుని, నోటికి కొంగు కట్టుకుని జల్లెడ పడతాను. "పనోళ్ళకు ఇస్తే సగం దుమ్ము వదిలేస్తారు గోవిందమ్మా. నీ చెయ్యి పడితేనే నాకు నమ్మకం" అంటారాయన. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే. అదీ కారు కోసమే.

నాకు ఆ కారంటే అసూయ. వినేవాళ్ళకు నవ్వొస్తుందేమో గానీ నిజం. సవతి అయితే జుట్టు పట్టుకునైనా పోట్లాడేదాన్ని, ఇనుముతో ఏమని పోట్లాడను? మొదటి హప్‌మొబైల్ మా పెళ్ళికి ముందే ఉండేది. దాన్ని అమ్మిన రోజు ఈయన వాకిట్లో నిలబడి అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నారు. "నా కొడుకు మనసు వెన్న" అని మా అత్త కాశమ్మ మురిసిపోయింది. తరవాత ఈ రెండోది, పచ్చరంగుది వచ్చింది. అమెరికాలో ఆ కంపెనీ మూతపడిందని మార్కాపురంలో మా పలకల కార్ఖానాకు వచ్చిన మద్రాసు బేరగాడు చెప్పిన రోజు ఈయన అన్నం ముట్టలేదు. మొగుడు తినకుండా పెళ్ళాం ఎట్లా తింటుందని అత్త నన్నూ తిననివ్వలేదు. కడుపు మాడుతుంటే అనుకున్నాను, నేను పోతే ఈ మనిషి ఒక పూటైనా పస్తుంటాడా అని.

ఒక ఆదివారం గిద్దలూరు నుంచి ఈయన స్నేహితుడు పిచ్చయ్య భోజనానికి వచ్చాడు. అతనూ కారు కొనాలనుకుంటున్నాడు. నేను వడ్డిస్తున్నాను. ఈయన తన రెండు కార్ల ముచ్చట్లూ మొదలుపెట్టి చివరికి ఘాటురోడ్డు కథకు వచ్చారు.

"ఆ పొద్దు ఇంట్లో ఆడమనిషికి నలతగా ఉంటే నంద్యాల ఆసుపత్రికి బయల్దేరినాం. గిద్దలూరు దాటినామో లేదో, కుండపోత వాన. నల్లమల ఎక్కుతాంటే ఈ పచ్చకారు ఇంజను చప్పుడు వీణ మాదిరి ఉండాది పిచ్చయ్యా! అట్లాంటి కారు ఇంక పుట్టదు."

ఈ కథ ఎన్నిసార్లు విన్నానో. ఇందులో కారుకు రంగుంది, పాటుంది, పౌరుషముంది. నాకు మాత్రం పేరైనా లేదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక నేను మంచం దిగకముందే, నెత్తురుతో కరాబైందని వెనకసీటు తోలు మార్పించడానికి కర్నూలు పంపించారు. అది తిరిగొచ్చిన రోజు దాన్ని అరచేత్తో నిమిరారు. నా తల మీద ఆ చెయ్యి పడుతుందేమోనని మంచంలోంచి చూశాను. పడలేదు.

"ఆ వానలో యాడా ఆగకుండానే పోయినారా మాల్యాద్రన్నా?" అన్నాడు పిచ్చయ్య ఆశ్చర్యంగా.

"యాడా ఆగలా!"

నా చేతిలో మజ్జిగ చెంబు ఉంది. కింద పెట్టాను.

"ఆపమన్నా ఆపలేదు పిచ్చయ్యన్నా" అన్నాను.

ఇద్దరూ తలెత్తి చూశారు.

"నలత కాదు, నాకు నొప్పులు. వెనకసీట్లో మంత్రసాని రూతమ్మ నన్ను పట్టుకోనుండాది. బిడ్డ బయటపడతాంది, రవంతసేపు ఆపయ్యా అని మొత్తుకునింది. ఈయన వెనక్కి తిరిగి చూళ్ళా. ఇంజను ఎంత బాగా పలుకుతాందో ఇనండి అన్నారు. అప్పుడే నా కూతురు పుట్టి ఏడ్చింది. ఘాటు దిగేలోపల పోయింది."

పిచ్చయ్య విస్తట్లోంచి చెయ్యి తీసేశాడు. లోపలి గదిలోంచి అత్త "నోరు మూసుకో గోవిందా" అంది. మా ఆయన ముఖం పాలిపోయింది.

"ఏడ్చిందా? నాకు ఇనపళ్ళా... నిన్ను బిరాన ఆసుపత్రికి చేర్చాలనే గదా నేను..."

"కావచ్చు. అది గూడా చెప్తాలే" అన్నాను. "ఇంకమీద ఎవరొచ్చి ఈ కథ అడిగినా నన్ను పిలవండి. నేను చెప్తా. మీరు కూర్చోని ఇనండి."