సీసాల చప్పుడు

మరుగుతున్న నీళ్ళలోంచి కత్తి తీసి, గుడ్డకు తుడిచి, అతను ఏడో తేనెపట్టు చట్రం మీది మైనపు పొరను కోయడం మొదలుపెట్టాడు. పొర పెద్ద పెద్ద రేకులుగా లేచి కింద తొట్టిలో పడుతోంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. వేళ్ళ మీద కత్తిగాట్లు బోలెడు. ఒక్కటీ చీము పట్టిన పాపాన పోలేదు. తేనెలో నానే చేతులకు అదొక్కటే లాభం. నడుముకు మాత్రం ఏ తేనె కూడా పని చేయదు. పొద్దున్నుంచే మొరాయిస్తోంది.

తేనె షెడ్డులో అందరూ అతన్ని ‘ముక్కు’ అంటారు. అదేమంత పెద్ద ముక్కు కాదు. డ్రమ్ము మూత తీసి ఒక్కసారి వాసన చూస్తే చాలు, అది ఏ పూల తేనో, పులుపు తిరుగుతోందో లేదో చెప్పేసేవాడు. లారీ వచ్చిన రోజున అతను వంగి చూసి ‘సరే’ అంటేనే డ్రమ్ము గడప దాటాలి. ఇప్పటి యజమాని తండ్రి పెట్టిన పద్ధతి అది.

నాలుగు నెలల కిందట జ్వరం వచ్చింది. వారంలో తగ్గింది, పోతూ పోతూ వాసనను కూడా పట్టుకుపోయింది. ఇంట్లో పక్కనే పాలు మాడిపోతున్నా అతను పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. భార్య గిన్నె తోముతూ “ముక్కుందా, లేదా?” అని చివాట్లు పెట్టింది. లేదని ఆమెకు చెప్పాడు. షెడ్డులో చెప్పలేదు. వాసన తెలియని ముక్కును ఎవరు పనిలో ఉంచుకుంటారు? షెడ్డు పని తప్ప ఇంకే పనీ చేతకాదు, నేర్చుకునే వయసూ కాదు. 

అది కనిపెట్టింది ఒక్కతే, సీసాలు కడిగే అక్క. సొంత అక్క కాదు, షెడ్డంతటికీ అక్కే. జ్వరం తగ్గి వచ్చిన మొదటి లారీ రోజున అతను డ్రమ్ము మీద వంగి, ఏమీ తెలియక, ‘సరే’ అనబోయాడు. వెనకాల సీసాల చప్పుడు ఠక్కున ఆగిపోయింది. తిరిగి చూస్తే అక్క డ్రమ్ము వైపే చూస్తూ ముక్కు చిట్లించి ఉంది. “ఇది వద్దు” అన్నాడు. చప్పుడు మళ్ళీ మొదలైంది. అప్పటినుంచీ అంతే. చప్పుడు సాగితే సరే, ఆగితే వద్దు. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ నోటితో అనుకోలేదు.

ఇవాళ లారీ రోజు. తొమ్మిదైంది, అక్క రాలేదు.

అతను ఎనిమిదో చట్రం ఎత్తి చూశాడు. పట్టులోని గదులకు సగమే మైనపు మూతలు పడ్డాయి. పక్కన పెట్టేశాడు. తేనెటీగలు పూలనుంచి తెచ్చేది నీళ్ళలాంటి రసం. ఒకదాని నోట్లోంచి ఇంకోదాని నోట్లోకి మార్చుకుని, గదుల్లో పోసి, వేల రెక్కలతో విసిరి విసిరి ఆరబెడతాయి. బాగా చిక్కబడ్డాక గానీ మైనంతో మూత వేయవు. మూత పడిన తేనె ఏళ్ళ తరబడి చెడదు. తొందరంతా మనుషులదే. మూడు వారాల కిందట, ముసురులో, ఆర్డరు ఉందని యజమాని సగం మూతల చట్రాలు కూడా తీయించాడు. పులిసిపోతుంది బాబూ అని గట్టిగా చెప్పాల్సింది అతనే. చెప్పలేదు. లోపల దొంగతనం పెట్టుకున్నవాడికి నోరెక్కడ లేస్తుంది?

బయట లారీ హారన్ మోగింది. డ్రైవరు తొంగి చూసి, “ముక్కు మావయ్యా, ఆ ముక్కు కొంచెం తొందరగా కానీ! నాకు ఇంకో రెండు చోట్ల లోడుంది” అన్నాడు.

మొదటి డ్రమ్ము మూత తీసి వంగాడు. గాలి లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది. అంతే. వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. తియ్యగా ఉంది. జ్వరం తర్వాత నాలుకకూ అంతకుమించి తెలియడం లేదు. తేనె తియ్యగా కాక ఇంకెలా ఉంటుంది! వెనకాల చప్పుడు లేదు. “సరే” అన్నాడు. రెండోదీ “సరే” అన్నాడు. రెండు డ్రమ్ములూ దొర్లుకుంటూ గడప దాటాయి. 

మూడోది ముసురు రోజుల డ్రమ్ము. పైన సన్నటి నురగ ఉంది. మంచి తేనెకు కూడా నురగ ఉంటుంది. చాలాసేపు వంగే ఉన్నాడు. సీసాల తొట్టి దగ్గర ఈగ వాలిన చప్పుడు కూడా లేదు.

“ఏంటి బాబాయ్, అందులో పడుకుంటావా ఏంటి?” అన్నాడు గడప దగ్గర లెక్క రాసుకుంటున్న యజమాని.

అతను నడుము పట్టుకుని లేచాడు. “బాబూ, నాకు వాసన తెలియట్లేదు.”

“జలుబు చేసిందా?”

“కాదు. జ్వరం వచ్చినప్పటినుంచీ. ఆ రెండూ కూడా దింపించు. నేను ఊరికే సరే అన్నాను.”

 యజమాని తనే వచ్చి మూడో డ్రమ్ము మీద వంగి, చటుక్కున తల వెనక్కి తీసుకున్నాడు. ఎవరికైనా తెలిసేంతగా పులిసింది. దింపించిన రెండూ బాగానే ఉన్నాయి.

“మరి ఇన్నాళ్ళూ ఎలా చూశావు?”

“అక్క చూసింది బాబూ. నేను ఊరికే వంగేవాణ్ణి.”

యజమాని ఇంకేదో అడగబోయేలోపు ఫోన్ మోగింది. వింటూ వింటూ సీసాల తొట్టి వైపు చూశాడు. “ఎప్పుడు?” అన్నాడు. తర్వాత “అయ్యో” అన్నాడు. పెట్టేశాక కూడా ఫోను చేతిలోనే ఉంది.

“అక్క కూతురు చేసింది. అక్క తెల్లవారుజామున పోయిందట, నిద్రలోనే. నిన్న సాయంత్రమే గుండెలో పట్టేసినట్టుందని అందట. పనికి వద్దంటే వినలేదట. రేపు లారీ వస్తుంది, నేను వెళ్ళకపోతే తమ్ముడు ఇబ్బంది పడతాడు అందట.” ఆగి, తగ్గిన గొంతుతో అన్నాడు. “ఏ తమ్ముడో మాకు తెలియదు, అమ్మకి తమ్ముళ్ళెవరూ లేరే అని అడుగుతోంది ఆ పిల్ల.”

అతనికి ఏడుపు ఆగలేదు. తేనె చేతులతో కళ్ళు తుడుచుకోలేక అలాగే నిలబడ్డాడు. బయట మళ్ళీ హారన్ కొట్టబోయిన డ్రైవరు ఇటు చూసి చెయ్యి తీసేశాడు.

“కత్తి పని చేసుకో బాబాయ్, నువ్వెక్కడికీ పోనక్కర్లేదు” అని యజమాని అంటున్నాడు. ఆ మాట రాదేమోనని నాలుగు నెలలు చచ్చిపోయినంత భయపడ్డాడు. ఇప్పుడు అది చెవికి ఎక్కడం లేదు.

చేతులు కడుక్కుందామని సీసాల తొట్టి దగ్గరికి వెళ్ళాడు. అక్క కూర్చునే పీట ఖాళీగా ఉంది. ఎప్పుడూ ఆమె చీర కుచ్చిళ్ళు కప్పేసి ఉండటంతో ఇన్నేళ్ళలో అతను దాన్ని సరిగ్గా చూసిందే లేదు. ఒక కాలు పొట్టిది. ఊగకుండా దాని కింద సీసా మూత ఒకటి, రెండుగా మడిచి, గుడ్డపీలికతో కట్టి ఉంది.