సంతకాల వరుస

మా కేసు కొట్టేయడానికి హైకోర్టుకు నాలుగు నిమిషాలు పట్టింది. కర్నూలులో లాయరు తనూజ ఆఫీసులో, ఆమె కంప్యూటర్ ముందు కూర్చొని చూశాను. మాకంటే ముందు ముప్పై కేసులు. లేచి వెళ్తే మా నంబరు పిలుస్తారేమోనని పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

మేం అడిగింది ఒకే ఒక్క కాగితం. మా వీధి వెనక గుట్టను కంకర క్వారీకి ఇవ్వడానికి అభ్యంతరం లేదని గ్రామసభ తీర్మానించిందట. అలాంటి సభే జరగలేదు. జరిగి ఉంటే ఈ చౌడేశ్వరి నోరు ఊరుకునేది కాదని ఊరంతటికీ తెలుసు. మావి నలభై ఒక్క గుంత మగ్గాలు. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టి నేసేవాళ్లకు నేల అదిరితే ఇంకేం నేత? ఎక్కడో దూరాన ఉన్న పాత క్వారీలో తూటా పేలితేనే పోగులు తెగుతున్నాయి. సోమవారం నుంచి ఈ గుట్టను పేలుస్తారు. ఆ తీర్మానం మీద సంతకాలు ఎవరివో చూపించండని సమాచార హక్కు కింద అర్జీ పెట్టి ఏడాది దాటింది. పంచాయతీ పలకలేదు, పై అధికారులు పలకలేదు. చివరికి కోర్టుకెక్కాం.

ప్రభుత్వ లాయరు తెర మీద పోస్టాఫీసు రసీదు కార్డు ఒకటి చూపించాడు. తీర్మానం నకలు రిజిస్టరు పోస్టులో పంపామని, అక్టోబరు తొమ్మిదిన అందినట్టు సంతకం కూడా ఉందని చెప్పాడు. చేతికందిన కాగితం కోసం మళ్లీ కేసేమిటని జడ్జిగారు కొట్టేశారు.

తనూజ నా వైపు తిరిగింది. "ఈ సంతకం ఎవరిదక్కా?"

పేరు చివర కొక్కెంలా గీత లాగే అలవాటు మా ఇంట్లో ఒక్కరికే ఉంది. "మా ఆయనది" అన్నాను. సిగ్గుతో ఒళ్లు మండిపోయింది.

ఎమ్మిగనూరు బస్సులో రెండు గంటలూ, అక్కడి నుంచి మా ఊరి ఆటోలోనూ ఆయన్ను తిట్టుకుంటూనే ఉన్నాను. ఇల్లు చేరేసరికి ఉమామహేశ్వర మగ్గం మీదున్నాడు. నన్ను చూసి పోగుల మధ్య నాడె విసరడం ఆపాడు.

"కవరు యాడ పెట్టినావు?"

"ఏం కవరు?"

"కోర్టులో నీ సంతకం చూసొచ్చినా. యాడ పెట్టినావు?"

"వద్దు చౌడీ. చూడొద్దు."

"ఎన్ని దుడ్లిచ్చినారు నీకు?"

ఆయన చేతిలోని నాడె పక్కన పెట్టాడు. గుంతలోంచి లేచి, బీరువా మీది నుంచి కవరు తెచ్చి నా ఒళ్లో పడేశాడు.

పైన తీర్మానం. కింద నలభై ఒక్క సంతకాలు. మొదట జీవమ్మవ్వ వేలిముద్ర. తరువాత ఆమె పక్కింటి ఉరుకుందప్ప. ఆ తరువాత అతని పక్కింటివాళ్లు. వేలు పెట్టి వరుసగా చదువుతూ పోయాను. సభలో ఎవరు ముందు లేస్తే వాళ్లు పెడతారు సంతకం. ఇక్కడేమో మా వీధిలో ఇళ్లు ఏ వరుసలో ఉన్నాయో సంతకాలూ అదే వరుసలో ఉన్నాయి. ఆఖరి ఇల్లు మాది. ఆఖరి సంతకం నాది.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట వేసవిలో పంచాయతీ కార్యదర్శి మగ్గాల లెక్క అంటూ ఒక పుస్తకం తెచ్చాడు. చదువుకున్నదానివి, నువ్వు చెబితే అందరూ వింటారమ్మా అన్నాడు. నేను పొంగిపోయాను. కాగితం పైన సగం ఖాళీగా ఎందుకుందని అడగాలని కూడా తోచలేదు. ఇంటింటికీ వెళ్లి, ఒక్కొక్కరి మగ్గం దగ్గర వంగి నిలబడి, ఆ సంతకాలన్నీ నేనే పెట్టించాను.

"తెలిస్తే నువ్వు తట్టుకోలేవనుకుంటి" అన్నాడు ఆయన. "కాగితం చూపియ్యకపోతే కోర్టు పంచాయతీనే తిడతాదనుకున్నా. మన కేసే కొట్టేస్తారని నాకేం తెల్సు?"

దుడ్ల మాట అన్నందుకు క్షమించమని అడగాల్సింది. ఆ మాట వదిలేసి కాగితాలు మళ్లీ కవర్లో పెట్టాను.

తనూజకు ఫోన్ చేశాను. ఆమె అంతా విని, "ఈ వరుసే మనకు సాక్ష్యం అక్కా" అంది. "మగ్గాల లెక్క అనుకునే పెట్టినామని అందరూ రాసిస్తే శనివారం కొత్త కేసు వేద్దాం. పుస్తకం తిప్పింది నువ్వేనని అందులో రాయాల."

ఆయన వాకిలికి అడ్డం నిలబడ్డాడు. "బయట చెప్పినావంటే ఈ వీధిలో తలెత్తుకోలేం."

"సోమవారం గుట్ట పేలుస్తారు. జరుగు."

జీవమ్మవ్వ అరుగు మీద కండెలు చుడుతోంది. తనూజ చెప్పినట్టే కాగితం మీద రాసుకొని వెళ్లాను. ముందు నేను చేసిన పని చెప్పాను. ఆమె రాట్నం ఆపింది.

"నువ్వే కదమ్మే, నా వేలు పట్టుకొని సిరా పూసిండేది."

"నేనే అవ్వా."

"మగ్గాలకు మంచిదని చెప్తివి."

"చెప్పినా. శానా తప్పయిపోయింది. ఇప్పుడు ఈ కాగితం మీద నువ్వు మళ్లా వేలు పెడితే..."

ఆమె చేతిని కొంగు కింద పెట్టుకుంది. ఉరుకుందప్ప మగ్గం దిగి వచ్చాడు. వెనకే అతని కోడలు శివజ్యోతి వచ్చింది. వాళ్లకూ చెప్పాను. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది.

"ఏం రాసినావో చదువు" అన్నాడు ఉరుకుందప్ప. చదివాను.

"పైన ఖాళీ ఏమన్నా ఉండాదా?" అని జీవమ్మవ్వ అడిగింది. లేదని కాగితం ఆమె ముందు పెట్టాను. అక్షరం రాని ఆ మనిషి దాన్ని పై నుంచి కిందిదాకా చేత్తో తడిమి చూసి, శివజ్యోతికి అందించింది.

"నువ్వు చదువు పాపా. ఆయమ్మ వద్దు."

శివజ్యోతి చదువుతుంటే అరుగు కింద నిలబడి విన్నాను. నా పేరు వచ్చిన చోట ఎవరూ నా వైపు చూడలేదు.