మిల్లు వెనక తొవ్వ

చౌరస్తాలో కుర్చీలేసుకుని కూర్చొని, ఈ ఊళ్ళో ఆడవాళ్ళు నడవరని తేల్చిన పెద్దమనుషులారా, తప్పు మీదే. మీరు చూసిన చోట ఆడవాళ్ళు లేరు. ఎందుకు లేరో మీలో ఒక్కరూ అడగలేదు.

ఆరాధనకు అడగాల్సిన పని లేదు. పెద్దపల్లిలో ఒక కాలనీ నుంచి కుట్టు సెంటర్‌కు రోజూ నడిచే మనిషి ఆమె. ఎక్కువమంది నడిచే, సైకిళ్ళు తొక్కే దారికే మున్సిపాలిటీ నుంచి ఫుట్‌పాత్, లైట్లు వస్తాయని, లెక్కపెట్టేందుకు మనుషులు కావాలని కాలనీ సంఘం అధ్యక్షుడు సుదర్శన్‌రావు చెప్పగానే అందరికంటే ముందు పేరిచ్చింది. తీరా చౌరస్తాకు వెళ్తే చేతికి చాయ్ ఫ్లాస్కు ఇచ్చారు. లెక్క మగవాళ్ళు చూసుకుంటారట. వాళ్ళలో ఆమె భర్త సాల్మన్ కూడా ఒకడు.

ఎదురుగా వైన్ షాపు, దాని ముందు అడ్డంగా బండ్లు, బండ్ల మీద కాళ్ళు చాపుకున్న మగవాళ్ళు. ఇక్కడ ఏ ఆడది నడుస్తుంది? తనే నడవదు. ఒకసారి నడిస్తే వెనకనుంచి వినబడ్డ మాట ఇప్పటికీ ఎవరికీ చెప్పుకోలేదు. అందుకే పని నుంచి వచ్చేటప్పుడు రైస్ మిల్లు వెనక, మురుగు మోరీ పక్కన చీకటి సందులోంచి వస్తుంది. అది తెలిసిన రోజే సాల్మన్ తీర్పు చెప్పాడు: ఆ సందుకు లైట్లు పడితే సరే, లేకపోతే పని బంద్. నీ జీతంతోనే ఇల్లు నడుస్తుందా అని కూడా అన్నాడు. అప్పుడు అతని ఒంటి మీదున్న చొక్కా ఆమె కుట్టిందే, ఆమె ఉతికిందే. అత్త మగ్దలేనమ్మ కొడుకు మాటకే తలూపింది. వీధిని బాగుచెయ్యడం కష్టం కదా, ఆడదాన్ని ఇంట్లో కూర్చోబెట్టడం సులువు.

సుదర్శన్‌రావు ఖాళీ గ్లాసు చాపుతూ, "ఆడోళ్ళు నడుస్తనే లేరు సాల్మన్, అందరు ఆటోలల్లనే పోతున్నరు" అని నవ్వాడు. సాల్మన్ కూడా నవ్వాడు. ఆరాధన ఫ్లాస్కు కింద పెట్టింది. ఒక కాగితం, పెన్ను, ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని మిల్లు వెనక్కి నడిచింది.

పొద్దుగూకుతోంది. బీడీల తట్టలతో కార్ఖానాకు పోయే ఆడవాళ్ళు, గుంతల దగ్గర సైకిళ్ళు దిగి నడిపించుకుంటున్న ఇంటర్ పిల్లలు, బట్టల దుకాణాల్లో పొద్దంతా నిలబడి కాళ్ళీడుస్తున్న అమ్మాయిలు. ఎవరి ఫోన్ వెలుతురు వాళ్ళకు. ఆరాధన గీతలు పెడుతూనే ఉంది. ఒక తట్ట ఆమె ముందు ఆగింది. అత్త.

"గీడేం జేస్తున్నవ్?"

"నడిచేటోళ్ళను లెక్కపెడుతున్న అత్తమ్మా."

మగ్దలేనమ్మ వెనక్కి తిరిగి చూసుకుంది. "నన్ను గుడ రాయి బిడ్డా. నీ లగ్గం కాకముందు సంది గీ తొవ్వనే పోతున్న. మీ మామకు చెప్పలే, కొడుక్కు చెప్పలే. చెప్తే బీడీలు బంద్ పెట్టిస్తరు."

అంతలో కుర్చీ కోసం సుదర్శన్‌రావు, వెనకే సాల్మన్ వచ్చారు. తల్లిని అక్కడ చూసి సాల్మన్ ఆగిపోయాడు.

"గిది మన లెక్కల రాదమ్మా. మెయిన్ రోడ్డే చూడాలె" అన్నాడు సుదర్శన్‌రావు.

ఆరాధన కుర్చీలోంచి లేవలేదు. వెనక సైకిల్ వస్తోందని, జర పక్కకు జరగమని వాళ్ళిద్దరికీ చెప్పింది. సైకిల్ పోయింది. గీత పెట్టింది.

"రేపు మీ కుర్చీలన్ని గీడ ఏపియ్యుండ్రి సారూ. లైట్లు ముందుగాల గీడ పడాలె. నేనైతే పని ఇడువ, అత్తమ్మ గుడ ఇడువది. ఎవలకన్న మా ఫికర్ ఉంటే స్తంభాలు పాతుండ్రి. మమ్ముల ఇంట్ల కూసోమనకుండ్రి."