ఫస్టుక్లాసు పెట్టెకి చింతపండు

“ఏదీ, చేతులు చూపించు.”

ఆదివారం పొద్దున్న ఈ మాట వినపడిందంటే, అమలాపురంలో వీరవేణి ఇంట్లో రైలుకి స్నానం వేళయిందని అర్థం. వీరవేణి రెండు చేతులూ చాపుతుంది. మొగుడు బంగారరాజు కళ్లజోడు ముక్కు కొస మీదికి దించుకుని, బడిలో మాస్టారు పిల్లల గోళ్లు చూసినట్టు అటు తిప్పి ఇటు తిప్పి చూస్తాడు. పసుపు లేదు కదా, కొబ్బరికోరు లేదు కదా, రొయ్యలు ఒలిచిన నీచు లేదు కదా అని వాసన చూసి మరీ తేల్చుకుంటాడు. పెళ్లిచూపుల్లో కూడా ఆయన ఆ చేతుల్ని అంత శ్రద్ధగా చూడలేదు. “సరే, గ్లౌజులు తొడుక్కో” అని తెల్లటి నూలు గ్లౌజులు అందిస్తాడు. అవి వీరవేణి చేతుల్ని కాపాడటానికి కాదు. వీరవేణి చేతుల నుంచి రైలుని కాపాడటానికి.

మనిషి పేరులో బంగారం ఉంది గానీ ఆయన పిచ్చి మాత్రం వెండిది. వ్యాపారం రొయ్యల మేత, వ్యామోహం రైలు మోత. కోనసీమకి రైలు వస్తోంది, వస్తోంది అని వాళ్ల తాత విన్నాడు, నాన్న విన్నాడు, ఈయనా విన్నాడు. గోదాట్లో స్తంభాలు లేచాయి గానీ స్టేషన్లో కూత లేవలేదు. ఇక లాభం లేదని బంగారరాజు తన రైలు తనే తెచ్చుకున్నాడు. ఓ బొమ్మ ఇంజను, నాలుగు బొమ్మ పెట్టెలు. అద్దంలో ముఖం చూసుకున్నట్టు చూసుకోవచ్చు, అంత తళతళ. లోపల ఉన్నది నల్ల ప్లాస్టిక్కే, పైన ఉల్లిపొర కన్నా పల్చగా వెండి మెరుపు. హాల్లో అద్దాల బీరువాలో నిలబెట్టాడు. నిలబెట్టాడంటే నిలబెట్టాడంతే, ఒక్కనాడు నడపలేదు. దాంతో వచ్చిన పట్టాలు అట్టపెట్టెలోంచి బయటికి రాలేదు. ఆ ఇంట్లో పెట్టెలోంచి బయటికి రాని పట్టా ఇంకొకటి ఉంది, వీరవేణి బీఎస్సీ పట్టా. రైలు బయటికొస్తే గీతలు పడతాయని, పెళ్లాం బయటికెళ్తే నలుగురి కళ్లూ పడతాయని ఆయన భయం.

ఆ పెట్టెల్ని ఎలా పట్టుకోవాలో వీరవేణికి వేళ్లే నేర్పాయి. పక్కలు ముట్టుకోకూడదు, ముందూ వెనకా కొసల దగ్గర పట్టి ఎత్తాలి. ముందు మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి. దుమ్ముండగా గుడ్డ ఆనిస్తే ఆ దుమ్మే గీత గీస్తుంది. ఇన్వర్టరు బ్యాటరీలో పోసే నీళ్లలో ఒక్క చుక్క సబ్బు కలిపి, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన పంచె ముక్క ముంచి పిండి, అద్దాలి. రుద్దకూడదు. పక్కల మీద అచ్చేసిన పేరు అక్షరాల మీద అసలే రుద్దకూడదు. వేలిముద్ర పడిందా, ఈ ఉప్పుగాలికి అది మచ్చగా కూర్చుంటుంది, ఇక లేవదు. ఇవన్నీ చేస్తున్నప్పుడు వీరవేణికి అప్పుడప్పుడూ ఓ నవ్వులాంటిది వచ్చేది. బ్లీచింగుతో బాత్రూము కడిగినప్పుడు లేని గ్లౌజులు బొమ్మరైలుకి ఉన్నాయి. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే కొట్టు మీద కూర్చునేది తనే. మేత కోసం వచ్చినవాళ్లు తన ముఖం చూస్తూనే “ఎవరూ లేరాండీ?” అని అడుగుతారు. ఇంటికి చుట్టాలొచ్చి బీరువా ముందు నోళ్లు తెరిచి “ఎవరు తుడుస్తారండీ ఇంత బాగా?” అంటే, “ఇంకెవరండీ, నేనే! ఆడాళ్ల చేతికిస్తే ఇంకేమన్నా ఉందా?” అని ఆయన గొంతు వంటింటిదాకా వినిపిస్తుంది. తుడిచేది తను, మెరిసేది ఆయన.

ఈసారి దసరాకి ఆయుధపూజ నాడు అత్తగారు పాపాయమ్మ స్కూటరుకీ, కొట్లో కాటాకీ, కొబ్బరి కోరే పీటకీ బొట్లు పెట్టించింది. బంగారరాజు గంధం గిన్నే, కుంకం భరిణీ పట్టుకుని నేరుగా బీరువా దగ్గరికి నడిచాడు.

“ఏవండీ, పెట్టెలకి వద్దండీ. తడి కుంకం మరక పడిపోద్ది. బీరువాకి పెట్టండి, చాలు” అంది వీరవేణి.

“దేవుడికి లేని అభ్యంతరం నీకెందుకే?” అని ఆయన అన్నిటికీ బొట్టు పెట్టాడు. ఫస్టుక్లాసు పెట్టె కదా అని దానికి ఫస్టుక్లాసు బొట్టు, రూపాయి బిళ్లంత పెట్టాడు.

మర్నాడు వీరవేణి ముక్తేశ్వరంలో అక్క కళ్యాణి గృహప్రవేశానికి వెళ్లి, శనివారం సాయంత్రానికి తిరిగొచ్చింది. చెప్పులు విప్పుతూనే బీరువా వంక చూసింది. ఫస్టుక్లాసు పెట్టె కొంచెం వంకరగా, ఒక పక్క గోడకి తిప్పేసి, అలిగిన కోడలిలా నిలబడి ఉంది. కొసలు పట్టి తీసి తిప్పింది. ఆ పక్కన మెరుపు లేదు. అక్షరాలూ లేవు. నల్లటి ప్లాస్టిక్కు, దాని మీద గీతలు, చక్రం సందులో ఇరుక్కున్న కొబ్బరిపీచు పోగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే చారు వాసన వేసింది.

బంగారరాజు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

“కుంకం పోలేదు వేణీ. అమ్మ ఇత్తడి దీపాలు తోముద్ది గదా అని... కాస్త చింతపండు పెట్టేను. పీచుతో ఇలా రుద్దేనంతే. ముందు బాగానే మెరిసిందే!”

“ఇది ఇత్తడి కాదు గదండీ.”

“ఇప్పుడు తెలిసింది గదా! అది కాదు, రేపు రాజమండ్రి నుంచి సాయిబాబుగారు వస్తున్నారు. బుల్లిరైళ్ల సంఘం ప్రెసిడెంటు. నన్ను కోనసీమ కార్యదర్శిని చేస్తారంట. ఇది చూసి అడుగుతారు. నువ్వు తోమేవని చెప్తాను. ఆడాళ్లు, తెలీక చేసింది అనుకుని నవ్వి ఊరుకుంటారు. నేనంటే పరువు పోద్ది. నీకేం పోద్ది?”

నీకేం పోద్ది. వీరవేణి అరటికాయలు చెక్కు తీస్తూ ఆ మాటే నమిలింది. ఆయన వెళ్లడం మర్చిపోయిన చుట్టాల పెళ్లికి “మా ఆవిడ చెప్పలేదండి.” ఆయన పోగొట్టిన తాళానికి “మా ఆవిడ ఎక్కడో పెట్టిందండి.” కొడుకు లెక్కల్లో తప్పితే తల్లి పోలిక, ఇంజినీరింగులో సీటొస్తే తండ్రి తెలివి. ఒక్కోసారీ తను ఓ నవ్వు నవ్వింది. నవ్వితే ఏం పోతుందిలే అనుకుంది. పోయింది. కొంచెమే పోయింది, అందుకే పోయినట్టు ఎవరికీ కనపడలేదు. రుద్దినవాళ్లకీ కనపడలేదు. తనకీ కనపడలేదు, ఇవాళ ఈ నల్లటి పక్క చూసేదాకా. రేపు ఆ గదిలో ఇంకోసారి నవ్విందా, ఇక తన పేరు చెప్పుకోవడానికి ఒంటి మీద ఒక్క అక్షరం మిగలదు.

“ఏమంటావు?” అన్నాడాయన.

“శనగపిండి చాలదు. కొట్టు మూసేక తీసుకురండి” అంది. ఆయన దాన్ని ఒప్పుకోలు కిందే లెక్క వేసుకున్నాడు. ఆవిడ మౌనాన్ని ఆయన ఎప్పుడూ అలాగే లెక్క వేసుకుంటాడు.

ఆదివారం సాయిబాబుగారు వచ్చారు. రైళ్లలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, గొంతులో ఇంకా విజిల్ ఉంది. వెంట సంఘం వాళ్లిద్దరు. పాపాయమ్మ ఓ మూల కుర్చీలో దీపాలకి వత్తులు చేసుకుంటోంది. సాయిబాబుగారు ఒక్కో పెట్టే చూస్తూ ఫస్టుక్లాసు దగ్గర ఆగి, సొంత చుట్టానికి ఒళ్లు బాగాలేనట్టు అయ్యయ్యో అన్నారు.

“ఇదేంటండీ రాజుగారూ? దీనికేమైందండీ?”

“ఏం చెప్పమంటారండీ! మా ఆవిడండి. నేను ఊళ్లో లేకుండా చూసి, చింతపండేసి తోమేసిందండి, ఆయ్! ఆడాళ్లు కదండీ, తళతళలాడేది కనపడితే చెంబనుకుంటారు!”

గదంతా నవ్వింది. వీరవేణి బజ్జీల పళ్లెంతో అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. ఇక్కడ ఆవిడ నవ్వాలి. ఆ నవ్వు ఆవిడకి కంఠతా వచ్చు. కొంగు సర్దుకుని, తల కొంచెం వంచి, ఏదో తెలీక చేసేనండి అన్నట్టు నవ్వే నవ్వు. గదిలో అందరూ ఆ నవ్వు కోసం ఆగారు. వీరవేణి పళ్లెం స్టూలు మీద పెట్టింది.

“నేను తోమలేదండి.”

గట్టిగా అనలేదు. అయినా మూల కుర్చీలో పాపాయమ్మకీ వినిపించింది.

“అదేంటి వేణీ, మర్చిపోయేవా? మొన్న...”

“మొన్న నేను ముక్తేశ్వరంలో ఉన్నానండి. ఏదీ, చేతులు చూపించండి.”

బంగారరాజు చేతులు చటుక్కున వెనక్కి వెళ్లాయి. ఇన్నేళ్లూ ఆ మాట అన్నవాడే గానీ ఎప్పుడూ పడ్డవాడు కాదు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాపాయమ్మ వత్తులు పక్కన పెట్టింది.

“చూపించరా, దాస్తావేం? గోళ్లలో ఇంకా మెరుస్తోంది, అన్నం తినేటప్పుడు చూసేను” అని సాయిబాబుగారి వైపు తిరిగింది. “వాడే తోమేడండీ. నా పీచు పట్టుకుపోతుంటే ఎందుకురా అంటే ‘పనుంది’ అన్నాడు. ఆ మాట వీడి నోట వినడమే నాకు కొత్తండి. బుద్ధెరిగి నా కొడుకు తోమిన మొదటి గిన్నె ఇదేనండి, ఆయ్. వంక పెట్టకండి!”

మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వు పట్టాలు మారింది. సాయిబాబుగారు కళ్లు తుడుచుకున్నారు. బంగారరాజు ఓ క్షణం కోపంగా చూసి, అందరూ తన గోళ్లకేసి చూస్తున్నారని గ్రహించి, కోపం కూడా వెనక్కి దాచుకున్నాడు.

“మరి తక్కినవి ఇంత శుభ్రంగా ఎవరు ఉంచుతున్నారమ్మా?” అని సాయిబాబుగారు వీరవేణిని అడిగారు.

“నేనేనండి” అంది వీరవేణి. ఈ రెండో మాట మొదటిదాని కన్నా తేలిగ్గా వచ్చింది. ఎన్నాళ్లుగానో గొంతు దాకా వచ్చి ఉన్న మాట.

“ఎప్పుడైనా నడిపేరా?”

“లేదండి. నడిస్తే గీతలు పడతాయంటారు.”

అంటూనే ఆవిడ ఫస్టుక్లాసు పెట్టె వంక చూసింది. నల్లటి పక్క, గీతలు, పోయిన అక్షరాలు. ఇంత కాలం ఆ పెట్టెని బీరువాలో కట్టేసింది దాని మెరుపే. ఆ మెరుపు పోయింది. ఇక దాన్ని ఆపడానికి ఎవరి దగ్గరా కారణం లేదు.

“దీనికింక ఏ భయం లేదు గదండీ” అంది.

బీరువా అడుగు అరలోంచి పట్టాల అట్టపెట్టె లాగింది. ఆ పెట్టె అడుగున ప్లాస్టిక్ కవరులో తన బీఎస్సీ పట్టా కూడా కనపడింది. దాన్నీ తీసి, పైన, నలుగురికీ కనపడే అరలో పెట్టింది. దాని సంగతి రేపు. సాయిబాబుగారు పంచె ఎగ్గట్టి కూలబడి ముక్కలు అందిస్తుంటే, వీరవేణి కలుపుకుంటూ పోయింది. పట్టాలు సోఫా కిందనుంచి, స్టూలు పక్కనుంచి, పాపాయమ్మ కుర్చీ చుట్టూ తిరిగాయి. పాపాయమ్మ కాళ్లు పైకి ముడుచుకుని “నా మీదినుంచి వెళ్తుందేంటమ్మాయ్?” అంది.

“కిందనుంచి అత్తయ్యగారూ. మీరు స్టేషను.”

బంగారరాజు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి “గ్లౌజులైనా తొడుక్కోవే” అన్నాడు.

వీరవేణి బీరువాలోంచి గ్లౌజులు తీసి ఆయన చేతిలో పెట్టింది. “ఇవి మీకేనండి. వచ్చే ఆదివారం నుంచి తుడవడం మీది. ముందు చేతులు కడుక్కోండి, నేను చూస్తాను.”

అన్నిటినీ పట్టాలెక్కించి కరెంటు మీట తిప్పితే, ఇంజను మొదట మొరాయించింది. ఇన్నేళ్లు నిలబడ్డది, నడవడం గుర్తు తెచ్చుకోవాలి కదా. ఓసారి వణికింది, ఆగింది, మళ్లీ వణికింది. ఆమె మీట ఇంకొంచెం తిప్పింది. నల్లటి ఫస్టుక్లాసు పెట్టెని వెంటేసుకుని, మెరిసే మూడింటినీ దాని వెనకాల లాక్కుంటూ, ఇంజను సోఫా మలుపు తిరిగింది. సాయిబాబుగారు జేబులోంచి పాత విజిల్ తీసి ఊదారు.

తాతలు విని, తండ్రులు విని, ఎవరూ చూడని రైలు ఆ ఆదివారం అమలాపురంలో కదిలింది. నడుపుతున్నది వీరవేణి, వట్టి చేతులతో.